మధ్యాహ్నం మూసుకునే పగులు

వెళ్లొచ్చి నెల దాటింది. కాలేజీ మెట్ల మీద కనిపించిన ప్రతివాళ్లూ అడుగుతున్నది ఒక్కటే: "కర్నూలు, కడప ఎండలు ఎలా ఉన్నాయి మేడమ్?" ఎండల్లాగే ఉన్నాయని చెప్పి తప్పించుకుంటున్నాను. ఆ ఎండ గురించి నా దగ్గర చెప్పాల్సింది చాలా ఉంది. మెట్ల మీద నిలబడి చెప్పే సంగతి కాదు కనుక ఇలా కూర్చుని రాస్తున్నాను.

విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇరవై ఏళ్లుగా లోహాల పాఠాలు చెబుతున్నాను. పుట్టి పెరిగింది సముద్రం ఒడ్డున. కృష్ణ దాటి అవతలికి పోయింది తిరుపతి కొండకు మాత్రమే. ఈ రెండేళ్లుగా నా తిండీ నిద్రా ఒక తీగ. నికెల్, టైటానియం కలిపి చేసిన తీగ, తలపిన్ను కన్నా సన్నం. చల్లగా ఉన్నప్పుడు సాగదీసినా వంచినా ఊరుకుంటుంది. వేడి తగిలిందా, తన పాత ఆకారానికి తిరిగి పోతుంది, ఎవరు అడ్డం వచ్చినా ఆగదు. ఈ తీగల్ని సాగదీసి, గాజుపీచులో జిగురు పోసి, పట్టీగా చేస్తాం. పగిలిన దూలానికి అడుగున ఆ పట్టీ అంటించి, తీగల్లోకి కరెంటు పంపి వేడి చేస్తే పట్టీ మొత్తం బిగుసుకుంటుంది. వదులైన మంచానికి నవారు లాగి బిగించినట్టు పగులు దగ్గరకు వస్తుంది. పుస్తకాల్లో దీన్ని తెలివైన పదార్థం అంటారు. చేసినవాళ్ల తెలివి గురించి పుస్తకాలు ఏమీ అనవు.

కడప జిల్లాలో ఒక చిన్న ఊళ్లో పాత చర్చి ఉంది. ఊరి పేరు రాయొద్దని సంఘపెద్దలు కోరారు, రాయను. బండల కప్పు, దాని కింద రాతి దూలాలు. పోయిన వానాకాలంలో నడిమి దూలం అడుగున పగులు కనిపించింది. అప్పట్నించీ లోపల కూర్చోవడం మానేసి, పక్కనే పందిరి వేసుకుని ఆరాధన చేసుకుంటున్నారు. తెలిసినవాళ్ల ద్వారా ఆ కబురు మాకు చేరింది. కప్పు మీద బరువు తగ్గించమని ఫోన్లో నేనే చెప్పాను. జనవరిలో మా ల్యాబులో పనిచేసే మూర్తిగారు వెళ్లి పట్టీ అంటించి వచ్చారు. వారానికోసారి పాస్టరుగారు బ్యాటరీ తగిలించి వేడి చేస్తారు, చల్లారాక కూడా ఆ బిగువును గాజుపీచు పట్టి ఉంచుతుంది, ఇదీ మా అంచనా. మూర్తిగారు నెలకోసారి వెళ్లి పగులు కొలిచి వస్తున్నారు. అంకెలు ముచ్చటగా ఉన్నాయి. నేను వ్యాసం కూడా రాసి పంపించేశాను.

ఏప్రిల్లో ఈస్టరు. ఆ తెల్లవారుజామున ఊరి సంఘమంతా, పిల్లలతో సహా, గుడిలోపలే కూర్చోవాలని వాళ్ల కోరిక. చర్చిని వాళ్లు గుడి అనే అంటారు. కూర్చోవచ్చని ఎవరైనా కాగితం మీద రాసివ్వాలి. రాయాల్సింది నేను. పట్టీకి తోడుగా రెండోది కూడా చేయించి, పాత దుప్పటిలో చుట్టుకుని, ఈస్టరుకు ముందు సోమవారం నాటికి కర్నూల్లో దిగాను.

కర్నూలు: టీ గ్లాసులో తీగ

రెండు మీటర్ల పొడవున్న దుప్పటి చుట్టతో ప్రయాణం చేసే ఆడమనిషిని ఎవరూ ఊరికే వదలరు. కండక్టరు అది చేపలు పట్టే గాలమా అని అడిగాడు. ఆటోలో ఎదుటి సీటు పెద్దాయన, "ఏమమ్మా, వీణ గానా?" అన్నాడు. వీణ అయితే ఎంత బాగుండేదో. అన్నిటికీ తల ఊపుతూ వచ్చాను.

పొద్దున్నే బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో ఉగ్గాని తిన్నాను. మా వైపు మరమరాలంటే సాయంత్రం పిల్లల చేతిలో పోసే చిరుతిండి. ఇక్కడ వాటిని బొరుగులంటారు. నీళ్లలో తడిపి, గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో తాలింపు వేసి, పైన పప్పుల పొడి చల్లి పెడతారు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ప్లేటు పది రూపాయలు. ఇంత తేలిగ్గా ఉన్నది కడుపు నింపుతుందా అనుకున్నాను కానీ మధ్యాహ్నం రెండింటి దాకా ఆకలి మాట లేదు. బజ్జీ కారానికి మాత్రం కళ్ల నీళ్లు పెట్టుకున్నాను. హోటలామె చూసి, నేను అడక్కుండానే చక్కెర ఎక్కువ వేసి టీ ఇచ్చింది.

నా పర్సులో ఎప్పుడూ ఒక తీగముక్క ఉంటుంది. ఎవరితోనైనా మాట కలపాలంటే దాన్ని చుట్ట చుట్టి వేడి టీలో ముంచుతాను. ఈసారీ అదే చేశాను. తీగ ఎగిరి నిటారుగా లేచింది, టీ చుక్కలు పక్కనున్నాయన తెల్ల చొక్కా మీద పడ్డాయి. నేను క్షమాపణలు చెప్పుకుంటుంటే ఆయన చొక్కా సంగతి వదిలేసి గ్లాసులోకి తొంగిచూశాడు.

"ఏందమ్మా అది, పామా?"

"తీగండీ. వేడి తగిలితే పాత ఆకారం గుర్తొస్తుంది దానికి."

హోటలామె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "దానికి అన్నీ గుర్తుంటాయా, ఒకటే గుర్తుంటాదా?"

పీహెచ్‌డీ ఇంటర్వ్యూల్లో కూడా ఇంత సూటిగా అడిగినవాళ్లు లేరు. "ఒక్కటే. మొదట కొలిమిలో పెట్టి ఏది నేర్పితే అది."

"అయితే మా ఇంటాయనే ఇది. వేడెక్కితే శాలు, ముప్పై ఏళ్ల కిందటి మాట ఒకటే ఎత్తుకుంటాడు." అందరూ నవ్వారు, లోపల పెనం దగ్గరున్న ఇంటాయన కూడా.

కల్లూరు: ఎండలో పెట్టిన ఇనుము

రెండో పట్టీని దూలానికి బిగించడానికి ఇనుప పలకలు కావాలి. కర్నూలుకు ఆనుకునే ఉన్న కల్లూరులో లేత్ మిషన్ పెట్టుకున్న బాషా గారికి ముందే కొలతలు చెప్పి ఉంచాను. మంగళవారం పొద్దున షేర్ ఆటోలో పోయేసరికి పదకొండయింది. కల్లూరంతా కొత్త ఇళ్లు, సగం గోడలు, ఇసుక కుప్పలు. వాటి మధ్య అక్కడక్కడా పాత మిద్దెలు. మిద్దె అంటే మా వైపు మేడ. ఇక్కడ మిద్దె అంటే బండలో కట్టెలో పరిచి, పైన చౌడు మట్టి మందంగా తొక్కి చదును చేసిన ఇల్లు. ఏటా వానలకు ముందు ఆ మట్టిని సరిచేసుకుంటారట. ఎందుకంత శ్రమ, సిమెంటు పూస్తే పోయె కదా అనుకున్నాను. ప్రయాణంలో ఇలాంటి సలహాలు నాకు చాలా తోస్తాయి.

పలకలు తయారై వాకిట్లో వరసగా ఉన్నాయి. బాషా గారు లోపల మిషన్ ఆపేలోగా ఒకదాన్ని ఎత్తి చూద్దామని పట్టుకున్నాను. పట్టుకున్నంత వేగంగానే వదిలేశాను. అరచేయి ఎర్రగా కాలింది.

"అయ్యో, ముట్టుకుంటిరా మేడం!" ఆయన పరిగెత్తుకొచ్చి కుండలోంచి నీళ్లు పోశాడు. "ఎండకాలం బయట పెట్టిన ఇనుముని పొద్దు గూకినంకే ముట్టుకోవాల."

"ముందే చెప్పొచ్చు కదా బాషా గారూ."

"ఇది చెప్పాల్నని నాకెట్ల తెలుస్తాది మేడం? ఈడ పుట్టినోళ్లకి ఎవరూ చెప్పరు."

చేతికి తడిగుడ్డ చుట్టుకుని నీడలో కూర్చున్నాను. ఆయన పట్టీని తిరగేసి మరగేసి చూశాడు. మంచి పనివాడి చూపు, మెచ్చుకోవడానికి తొందరపడని చూపు.

"ఈ తీగె ఎంత వేడికి లాగుతాది?"

"నలభై డిగ్రీలు దాటితే. ఇంకా ఎక్కువ పెట్టుకోవచ్చు కానీ, చిన్న బ్యాటరీతో పని జరగాలని అంత తక్కువకు పెట్టాం."

ఆయన వాకిలి వైపు చూశాడు. "నలభై అంటే మాకు పొద్దున పదిగంటలు గదా మేడం."

నవ్వాను. "ఇది లోపల, కప్పు కింద ఉంటుందిలెండి."

"నీడుంటే మంచిదే. అయినా ఏమనుకోవద్దు. ఆ దూలం కింద ఇనుప కంబం ఒకటి నిలబెట్టేస్తే శాలు గదా, ఇంత తెలివి ఏంటికి?"

ఏమనుకోవద్దన్నాడు కానీ అనుకున్నాను. కోపమే వచ్చింది. రెండేళ్ల పనిని మనిషి రెండు మాటల్లో తీసిపారేస్తే ఎవరికైనా వస్తుంది. గుడి నడుమ కంబం అడ్డంగా ఉంటే బాగుండదని ముక్తసరిగా చెప్పి, డబ్బులిచ్చి బయటపడ్డాను. అంత కోపంలోనూ ఆయన పలకల మీద తడి గోనె కప్పి, చల్లార్చి, గుడ్డలో కట్టి ఇవ్వడం మాత్రం గమనించాను.

మహానంది: మారని నీళ్లు

బుధవారం మహానందిలో ఆగాను. పని ఏమీ లేదు. కాలిన చేయి, కోపం, రెండూ చల్లారాలని.

కొండ అడుగునుంచి ఊరే నీళ్లు కోనేళ్లలోకి వచ్చి పొర్లిపోతుంటాయి. చేయి ముంచగానే ప్రాణం లేచొచ్చింది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, అడుగున పడ్డ రూపాయి బిళ్ల మీద అంకె చదవొచ్చు. పక్కన మెట్టు మీద ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది. బజారులో వాళ్లకు బట్టల కొట్టు ఉందట, నలభై ఏళ్లుగా ఏడాదికి రెండుసార్లు ఇక్కడికి వస్తుందట. నా చేతి కట్టు చూసి, ఎలా కాలిందో అడిగి, తన దగ్గరున్న అరటిపళ్లలో రెండు నా ఒళ్లో పెట్టింది. చిన్న పళ్లు, తేనె. మా చక్రకేళి గొప్పలు చెప్పబోయి నోరు మూసుకున్నాను.

"ఈ నీళ్లు ఇంత చల్లగా ఎలా ఉంటాయండీ, ఏప్రిల్లో?" అన్నాను.

"ఇప్పుడు చల్లగుండాయి. పుష్యమాసంలో వచ్చి సూడు, వెచ్చగుంటాయి."

"మారతాయన్నమాట."

"నీళ్లు యాడ మారతాయి తల్లీ? అవి ఎప్పుడూ ఒకటే తీరు. వచ్చినప్పుడు మన ఒళ్లు ఎట్లుంటే అట్ల అనిపిస్తాది. మొదటిసారి ఎండకాలం వచ్చినోళ్లు ఊరికి పోయి మహానంది నీళ్లు చల్లన అని చెప్తారు. అంతే గదా వాళ్లకి తెలిసేది." ఆవిడ చీర కొంగు పిండుకుంటూ లేచింది.

లోహాలకు వేడి పరీక్షలు చేసేదాన్ని, ఆ మాట విని ఎంత బాగా చెప్పిందో అని మురిసిపోయాను. మురిసిపోవడంతో ఆపేశాను. అక్కడితో ఆపకుండా ఒక్క అడుగు ముందుకు ఆలోచించి ఉంటే గురువారం పని వేరేగా జరిగేది.

గురువారం: బండల ఊరు

నంద్యాల దాటి, మైదుకూరు దాటి, చిన్న బస్సు మారి ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. ఆ ప్రాంతంలో నేలలోంచి పలకలు పలకలుగా నల్ల బండ వస్తుంది. మా ఊళ్లో కొబ్బరి చెట్టుతో చేసుకునే పనులన్నీ ఇక్కడ బండతో చేసుకుంటారు. పొలానికి కంచె బండలే, వాకిట్లో అరుగు బండే, బట్టలు ఉతికేది, గొడ్లకు నీళ్లు పోసే తొట్టి, ఇంటి కప్పు, అన్నీ అవే. చర్చి కూడా ఆ బండే. డెబ్భై ఏళ్ల కిందట ఇంటికో మనిషి చొప్పున మోసి కట్టారట. కూలి చేసుకునేవాళ్లు, ఎకరం అరెకరం ఉన్న రైతులు.

పాస్టరు దానియేలు గారు ముప్పై అయిదేళ్ల మనిషి, మెత్తగా మాట్లాడతారు. ఆయనతో పాటు సుగుణమ్మ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. గుడి ఊడ్చేది ఆమె. ఈస్టరుకు ముందు నలభై రోజులు శుక్రవారం మధ్యాహ్నాలు ఆడవాళ్లు ఉపవాసముండి చేసే ప్రార్థన నడిపించేదీ ఆమే. వాళ్లింట్లోనే నాకు భోజనం. రాగిసంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి. చెనిక్కాయలంటే వేరుశనగలు, ఊరుబిండి అంటే రోటి పచ్చడి. నేను ముద్దను నములుతుంటే సుగుణమ్మ కాసేపు ఓపిక పట్టి, "నమిలేది గాదుమ్మా, మింగాల" అంది. మింగడం నేర్చుకునేసరికి ముద్ద అయిపోయింది, ఇంకోటి వేసింది.

తర్వాత గుడి తలుపులు తీశారు. లోపల పొయ్యి మీద మూత తీసినంత వేడి. కప్పుకేసి చూసి, ఇంత వేడేమిటని అడిగాను.

"మట్టి దించేసినాం గదా మేడమ్," అన్నారు దానియేలు గారు సంతోషంగా. గోడ పక్కన చౌడు మట్టి కుప్ప చూపించారు. "మీరు ఫోన్లో బరువు తగ్గించమంటిరి. మా ఆడోళ్లు రెండు దినాలు గంపలతో మోసినారు."

నిచ్చెన ఎక్కి దూలం అడుగున చూశాను. పట్టీ చక్కగా అంటుకుని ఉంది. పగులు ఉన్న చోట వేలు పెట్టి రాశాను, గోరుకు గీత కూడా తగల్లేదు. రెండేళ్లుగా బొమ్మల్లో గీసుకున్నది నా వేలి కింద నిజంగా ఉంది. సంతోషం ఆపుకోలేక నిచ్చెన మీదే నవ్వేశాను. కింద ఆడవాళ్లు నలుగురైదుగురు చేతులు జోడించారు.

"శుక్రవారం ప్రార్థనకు వరండాలో కూసుంటే మా కండ్ల ముందరే మూసుకుంటా వస్తాదమ్మా," అందొకామె. "దేవుడు దగ్గరికి లాగుతాండాడు."

నాకు వాదించాలనిపించలేదు. వాళ్ల దేవుడికి మా తీగ సాయం చేస్తోందనుకుంటే ఎవరికేం నష్టం అనుకున్నాను. ఇంత బాగా మూసుకున్నప్పుడు రెండో పట్టీ తొందరేముంది, ఈస్టరయ్యాక మూర్తిగారే వచ్చి బిగిస్తారు. పాస్టరుగారి బల్ల దగ్గర కూర్చుని, లోపల ఆరాధన చేసుకోవచ్చని రాసి, సంతకం చేసి ఇచ్చాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి బైబిల్లో పెట్టుకున్నారు. సుగుణమ్మ నాకేసి చూసి ఏదో అనబోయి, కొంగు సర్దుకుని ఊరుకుంది.

శుక్రవారం పొద్దున

సుగుణమ్మ ఇంటి మిద్దె మీద పడుకున్నాను. అక్కడ మట్టి ఉంది కనుక వీపు కింద చల్లగా ఉంది, హాయిగా నిద్రపట్టింది. తెల్లవారగానే కెమెరా తీసుకుని గుడికి బయల్దేరాను. వ్యాసానికి ఫోటోలు కావాలి, పొద్దుటి వెలుతురు బాగుంటుంది. తలుపులు అప్పటికే తీసి ఉన్నాయి. సుగుణమ్మ ఊడుస్తోంది.

తలెత్తి చూశాను. పగులు తెరుచుకుని ఉంది.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. నిచ్చెన ఎక్కాను. నిన్న గోరుకు తగలని చోట ఇవాళ గోరు దూరుతోంది. పట్టీని ముట్టుకుంటే చల్లగా ఉంది. దాని అంచు వెంబడి జిగురు తెల్లబారి, రెండు తీగలు పట్టు వదిలేస్తున్నాయి.

"మద్దేనానికి మూసుకుంటాదిలేమ్మా," అంది సుగుణమ్మ కిందనుంచి. "రోజూ ఇంతే."

"రోజూనా? నీకెలా తెలుసు?"

ఆమె చీపురులోంచి పుల్లలు తీసి చూపించింది. "పొద్దున నిచ్చెనెక్కి పెడితే సందులో ఇవి మూడు పడతాయి. మద్దేనం ఒకటి గూడా పట్టదు. జనవరిలో రెండే పడతాండె."

దిగి అక్కడే కూలబడ్డాను. సుగుణమ్మ నా రెక్క పట్టుకుని వరండాలోకి లాగింది, ఆ దూలం కింద కూర్చోకు అని. సంతకం చేసింది నేను, బయటికి లాగింది ఆమె.

వరండాలో కూర్చుంటే అంతా ఒక్కొక్కటిగా అర్థమైంది. పగులు మూస్తున్నది పాస్టరుగారి బ్యాటరీ కాదు. నేను దించమన్న మట్టే ఆ గుడికి గొడుగు. అది పోయాక బోడి బండ పొద్దున్నించీ కాగి లోపలి వేడిని నలభై దాటిస్తోంది, తీగలు వాటంతట అవే బిగుసుకుంటున్నాయి. రాత్రి చల్లారితే వదులవుతున్నాయి. గాజుపీచు పట్టి ఉంచింది ఏమీ లేదు. రోజుకోసారి లాగి వదిలే ఆ పెనుగులాటలో జిగురు ఊడిపోతోంది. ఆదివారం ఆరాధన తెల్లవారుజామున. పట్టీ లాగడం బొత్తిగా ఆగిపోయే వేళకు సరిగ్గా నూట యాభై మందిని దాని కింద కూర్చోమని నేను రాసిచ్చాను.

ఇంకో విషయం కూడా గుర్తుకొచ్చింది. దాన్ని వెంటనే పక్కకు నెట్టేశాను.

సుగుణమ్మకు తీగ సంగతి, ఎండ సంగతి నాకు చేతనైనంత తేలిక మాటల్లో చెప్పాను. ఆమె చీపురు ఒళ్లో పెట్టుకుని విన్నది.

"అయితే మేము చేసిన ప్రార్థన?"

"ప్రార్థన గురించి నాకు తెలీదు సుగుణమ్మా. ఎండ గురించి తెలుసనుకున్నాను, అదీ తెలీదని ఇప్పుడు తేలింది."

దానియేలు గారికి చెప్పి కాగితం వెనక్కి ఇమ్మన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. నా మీద కోప్పడితే బాగుండుననిపించింది, ఆయన కోప్పడలేదు. "నేను చెప్తే మా జనం నమ్మరు మేడమ్. రోజూ కండ్లారా చూస్తాండారు. మీరే చెప్పండి. ఆరాధన చివర్లో సాక్ష్యాలకు సమయం ఇస్తాం." సాక్ష్యం అంటే తమ బతుకులో జరిగినదాన్ని ఎవరైనా లేచి అందరి ముందూ చెప్పుకోవడం. జ్వరం తగ్గిందని, తాగుడు మానానని. విన్నవాళ్లు స్తోత్రం అంటారు. నేను గుడికి పోయినా అర్చన టికెట్టు కొని పేరూ గోత్రం చెప్పి వచ్చేదాన్ని. నా తప్పును నలుగురిలో నిలబడి చెప్పిన అలవాటు లేదు.

పందిట్లో, మధ్యాహ్నం

గుడ్ ఫ్రైడే ఆరాధన పన్నెండు నుంచి మూడు దాకా. ఊళ్లో ఎవరూ పొద్దున్నించీ ఏమీ తినలేదు. నాకు మాత్రం సుగుణమ్మ మజ్జిగన్నం పెట్టింది, అది తిన్నందుకు ఇంకా సిగ్గేసింది. పందిట్లో చాపల మీద ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. నాకు ప్లాస్టిక్ కుర్చీ. ఎదురుగా గుడి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల నడిమి దూలం కనిపిస్తోంది. ఆరాధన సాగేకొద్దీ తలలు అటు తిరుగుతూనే ఉన్నాయి.

సాక్ష్యాల వేళకు లేచి నిలబడ్డాను. మట్టి దించమన్నది నేనేనని చెప్పాను. ఆ మట్టి లేకనే గుడి కాగుతోందని, ఎండకు తీగ బిగుసుకుని పగులు మూసుకుంటోందని, పొద్దున్నే తెరుచుకుంటోందని, పట్టీ ఊడిపోతోందని, ఆదివారం లోపల ఎవరూ కూర్చోకూడదని చెప్పాను. మీ ఎండ సంగతి తెలియక లెక్క తప్పాను, క్షమించండి అన్నాను. పాఠం చెప్పే గొంతుతోనే చెప్పాను, ఆ గొంతు తప్ప నాకు ఇంకోటి రాదు.

"స్తోత్రం," అన్నారు అందరూ, అలవాటు కొద్దీ.

మగవాళ్ల వైపునుంచి ఒక పెద్దాయన లేచాడు. "ఇప్పుడు సూడండి మేడమ్. మూసుకునే ఉండాది గదా. ఏంటికి భయపెడతారు?" చాలామంది తలలాడించారు. దూలం అందరి కళ్ల ముందూ నున్నగా ఉంది. నా మాట కన్నా అదే నమ్మకంగా ఉంది.

అప్పుడు సుగుణమ్మ లేచింది. ప్రార్థన నడిపించే మనిషి కనుక అందరూ సర్దుకుని కూర్చున్నారు.

"ఆయమ్మ చెప్పింది నిజం. నేను దినామూ పొద్దున్నే చూస్తాండా. పుల్లలు పెట్టి చూస్తాండా. రొంత రొంత పెద్దదయితాంది." ఆమె ఆడవాళ్ల వైపు తిరిగింది. "మీరంతా మద్దేనం చూసి సంతోషపడతాంటే, పొద్దున తెరుచుకుంటాందని చెప్తే సుగుణమ్మకు విశ్వాసం తక్కువ అంటారని చెప్పలేదు. నిన్న ఆయమ్మ కాగితం రాసేటప్పుడు గూడా నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. నా మనవళ్లు గూడా ఆ దూలం కిందనే కూసుందురు. దేవుడు నన్ను క్షమించాల."

ఒకరిద్దరు మెల్లగా స్తోత్రం అన్నారు.

నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. పొద్దున పక్కకు నెట్టేసిన విషయం గొంతులోకి వచ్చేసింది. మళ్లీ లేచాను.

"నేను ఇందాక సగమే చెప్పాను," అన్నాను. "మూర్తిగారు ఎప్పుడొచ్చినా పదకొండు గంటల బస్సుకు వచ్చి మూడు గంటల బస్సుకు పోయేవారు. మధ్యాహ్నమే కొలిచేవారు. ఫిబ్రవరిలో బస్సు తప్పిపోయి ఒక రాత్రి ఇక్కడే ఉండిపోయారు. పొద్దున్నే ఇంకోసారి కొలిచారు. ఆ కొలతలో పగులు తెరుచుకునే ఉంది. పరికరం తప్పు చూపించి ఉంటుందని చెప్పి ఆ అంకె నేనే కొట్టేశాను. అది ఉంటే నా వ్యాసం నిలబడదు."

ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. దానియేలు గారు బైబిల్లోంచి నా కాగితం తీసి, మడత విప్పకుండానే నా చేతికిచ్చారు. ఆదివారం ఆరాధన పందిట్లోనే అని మెల్లగా చెప్పారు. పెద్దాయన తల వంచుకుని కూర్చున్నాడు.

సుగుణమ్మ నాకేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు, చుట్టరికం కూడా లేదు.

"ఆ దినమే చెప్పింటే," అంది, "ఫిబ్రవరిలోనే మట్టెక్కించి, కంబం నిలబెట్టుకుని ఉందుము గదమ్మా."

"అవును," అన్నాను.

ఆమె పందిట్లోంచి లేచి వెళ్లి, గుడి తలుపులు రెండూ దగ్గరకు లాగి గొళ్లెం పెట్టి వచ్చింది. అప్పటికి మధ్యాహ్నం రెండున్నర. లోపల పగులు వెంట్రుకవాసి కూడా కనిపించడం లేదు.